విద్యార్థి కాయకము – ప్రైవేటు మాస్టారి సాయము

అన్నము ఒకరు వండి పెట్టవచ్చును గాని, ఆకలి తీరుటకు ఎవరికి వారే తినవలెను. విద్య విషయమునను ఇంతేయని అందరును ఒప్పుకొందురు. ఒప్పుకొనియు, పరీక్ష దగ్గరపడగానే మరచిపోవుదురు. తరగతిలో చెప్పినది చాలనప్పుడు మాస్టారిని ఇంటికి పిలిపించుకొనుట, లేదా మాస్టారి యింటికి పోయి చెప్పించుకొనుట తెలుగునాట ‘ప్రైవేటు’ అను పేరుతో తరతరములుగా ఉన్న ఆచారమే. ఒకప్పుడది లెక్కలకును, ఇంగ్లీషుకును, బడిపిల్లలకును పరిమితమై యుండెడిది. నేడు ఇంజనీరింగు, యం.ఏ., పిహెచ్.డి. వరకు ప్రాకినది. ప్రాకుటలో తప్పు లేదు. అయితే బడిపిల్లవాని ప్రైవేటుకును విశ్వవిద్యాలయపు ప్రైవేటుకును ఒక పెద్ద భేదము కలదు. పదవ తరగతి పిల్లవాడు ఎంత చెప్పించుకొన్నను చివరకు పరీక్షశాలలో ఒంటరిగా కూర్చుండి వ్రాయవలసినదే. విశ్వవిద్యాలయమున సగము పని ఇంటిలో తలుపు వేసికొని చేయునది: రికార్డు పుస్తకము, అసైన్‌మెంటు, ప్రాజెక్టు నివేదిక, సిద్ధాంత గ్రంథము. అచ్చట కాపలాదారు లేడు. మాస్టారి కలము ఎక్కడ ఆగినదో, శిష్యుని కలము ఎక్కడ మొదలైనదో ఎరిగినవారు ఆ యిద్దరే.

ఈ విషయమున రెండు వాదములు తరచుగా వినవచ్చును. ప్రైవేటు పెట్టించుకొనుటయే చేతకానితనమని, నిజమైన విద్యార్థి తన తెలివిపై తానే నిలువవలెనని కొందరు పెద్దలందురు. దీనికి నేరుగా ఎదురైన వాదము మరొకటి. “డబ్బిచ్చి మేస్త్రీచేత ఇల్లు కట్టించుకొనుట లేదా? ఆ యింటిని యజమాని తన యిల్లనుట లేదా? అట్లే డబ్బిచ్చి చేయించిన ప్రాజెక్టు నాది ఏల కాదు?” అని పట్టభద్రులు కానున్న యువకులు కొందరు నిస్సంకోచముగా అడుగుచున్నారు. రెండవ ప్రశ్న వినుటకు కొంత గడుసుగా ఉన్నది గనుక దానికే ముందు సమాధానము చెప్పవలెను. యజమాని ‘ఈ ఇల్లు నాది’ అనును. అంతేగాని ‘ఈ గోడ నేను కట్టితిని, నన్ను తాపీమేస్త్రీగా పనిలో చేర్చుకొనుడు’ అనడు. పట్టా ఆస్తి పత్రము కాదు, పనితనమునకు సాక్ష్యము. ఈ చేతికి ఈ పని వచ్చునని విశ్వవిద్యాలయము లోకమునకు చెప్పు మాట అది. ఆ మాటను నమ్మి వంతెనపై నడచువాడును, మందు మింగువాడును ఆ ప్రాజెక్టుకు డబ్బిచ్చినవారు కారు, పుచ్చుకొన్నవారును కారు. మోసపోవునది మాత్రము వారే.

ఇక మొదటి వాదము. ప్రైవేటు చెప్పించుకొనుటయే హీనమనువారు ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ చరిత్రను ఒకసారి చూడవలెను. 19వ శతాబ్దమున అచ్చటి గణిత పరీక్షకు ‘ట్రైపాస్’ అని పేరు. అందు మొదటి తరగతిలో నెగ్గినవారిని ‘రాంగ్లర్’ అనియు, వారిలో మొదటివానిని ‘సీనియర్ రాంగ్లర్’ అనియు పిలిచెడివారు. ఆ స్థానము కొరకు పోటీపడువారు కళాశాల ఉపన్యాసములను నమ్ముకొనక, సొంత డబ్బుతో ప్రైవేటు మాస్టర్లను పెట్టుకొనెడివారు. విలియం హాప్కిన్స్ (1793–1866) అను నాతడు అట్టి మాస్టర్లలో ప్రసిద్ధుడు. 1849 నాటికి అతని శిష్యులలో రాంగ్లర్లు సుమారు 200 మంది కాగా, వారిలో 17 మంది సీనియర్ రాంగ్లర్లు. 1841లో ప్రథముడైన స్టోక్సు, 1845లో ద్వితీయుడై తరువాత లార్డ్ కెల్విన్‌గా పేరొందిన విలియం థామ్సన్, 1854లో ద్వితీయుడైన మాక్స్‌వెల్ – వీరందరును హాప్కిన్స్ వద్ద రుసుము చెల్లించి ప్రైవేటు చదివినవారే. 1854లో మాక్స్‌వెల్‌ను దాటి ప్రథముడైన ఎడ్వర్డ్ రౌత్ కూడ అతని శిష్యుడే. తరువాత తానే ప్రైవేటు మాస్టారై 600 మందికి పైగా చదువు చెప్పెను.

ఆ 1854లోనే జరిగిన మరొక సంగతి ఇచ్చట చెప్పదగినది. ట్రైపాస్ ముగిసిన పిదప ‘స్మిత్స్ ప్రైజు’ అను బహుమతికి మరియొక పరీక్ష యుండెడిది. ఆ యేడు ప్రశ్నలిచ్చినవారిలో స్టోక్సు ఒకడు. నేటి ఇంజనీరింగు విద్యార్థులు ‘స్టోక్స్ సిద్ధాంతము’ అని వల్లె వేయునది నాటి పత్రములో ఒక ప్రశ్నగా వచ్చినది. మాక్స్‌వెల్, రౌత్ ఇరువురును ఆ బహుమతిని సమానముగా పంచుకొనిరి. ప్రశ్న ఇచ్చినవాడు హాప్కిన్స్ శిష్యుడు, వ్రాసిన ఇద్దరును హాప్కిన్స్ శిష్యులు. అయినను ఆ పరీక్షకు ఏ కళంకమును అంటలేదు. కారణము స్పష్టము. మాస్టారు ఎంత చెప్పినను, ప్రశ్నపత్రము ముందు కూర్చున్నప్పుడు శిష్యుని చేతిలో నున్నది తన కలము మాత్రమే. మాస్టారు ఇచ్చినది జీర్ణమై శిష్యుని బలమైనదో కాలేదో అచ్చటనే తేలిపోయెడిది. ఈ పద్ధతికి లోపములు లేకపోలేదు. పరీక్ష కొరకే చదువు అనునంతగా ముదిరి, హార్డీ వంటి గణితజ్ఞుల తీవ్ర విమర్శకు గురియై, 1909 తరువాత ఆ వరుసక్రమము ప్రకటించుటయే మానివేసిరి. అయినను ఆ లోపము సంకుచితత్వమే గాని అసత్యము కాదు.

హార్డీ పేరు వచ్చినది గనుక రామానుజన్ మాటయు చెప్పుకొనవలెను. జి.యస్. కార్ అను నతడు లండనులో గణితమునకు ప్రైవేటు చెప్పుకొని జీవించినవాడు. శిష్యులకు ఉపయోగించునని వేలకొలది గణిత ఫలితములను వరుసపెట్టి, 1880లోను 1886లోను రెండు భాగములుగా అచ్చువేయించెను. గొప్ప గ్రంథమేమియు కాదు. నేటి భాషలో చెప్పవలెనన్న ఒక గైడు. ఆ పుస్తకము సుమారు 1903 ప్రాంతమున కుంభకోణములో బడి చదువు ముగించుచున్న రామానుజన్ చేత పడినది. అందు ఫలితములున్నవి గాని నిరూపణములు అతి స్వల్పము. ఆ ఖాళీలను బాలుడు తన పలకపై తానే పూరించుకొనుచు పోయెను. మాస్టారు వదలిపెట్టిన చోటులోనే శిష్యుడు పెరిగెను. కార్ అంతయు విప్పి చెప్పియుండినచో ఏమి జరిగెడిదో ఎవరును చెప్పలేరు. అయితే ఒక ప్రైవేటు మాస్టారి నోట్సు లోకమునకు ఇంతకు మించిన మేలు చేసియుండునని తోచదు. (రామానుజన్ ఆ గణితములోనే మునిగి మిగిలిన పాఠములను విడిచి, ఎఫ్.ఏ. పరీక్షలో తప్పినాడన్నదియు నిజమే. ఈ భాగమును ఆదర్శముగా తీసికొనవలదని తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుకొనవచ్చును.)

కాబట్టి సాయము పొందుట దోషము కాదు. ఎంత పొందవలెను, పొందినదానిని ఏమి చేయవలెను అన్నదే ప్రశ్న. దీనికి కల్యాణ పట్టణపు శరణుల చరిత్రలో ఒక దృష్టాంతము కలదు. ఆయ్దక్కి మారయ్య కాయకము బసవేశ్వరుని వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చుట. ఆ బియ్యముతో అతడును, భార్య లక్కమ్మయు జంగమదాసోహము జరుపుకొనెడివారు. ఒకనాడు మారయ్య అలవాటుకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ చూచి సంతోషింపలేదు. మిగులు ఎక్కడిదో అక్కడనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపినది.

ఈ కథను లోభము కూడదను నీతిగా చెప్పుట పరిపాటి. అందు అంతకంటె సూక్ష్మమైన విషయమున్నది. మారయ్య దొంగిలించలేదు. ఎవరిని అడిగి పుచ్చుకొనలేదు. నేలపై రాలినదానినే, తన చేతులతోనే ఏరెను. అయినను లక్కమ్మ దృష్టిలో ఆ యెక్కువ బియ్యము వారి కాయకమునకు చెందినది కాదు. ఇంటిలోనికి రాదగినది కాదు. దొంగతనము కానిది సైతము తనది కాకపోవచ్చునన్న ఈ వివేకమే విద్యార్థికి కావలసినది. మాస్టారు ప్రేమతో చెప్పినదే కావచ్చును, రుసుము చెల్లించి పొందినదే కావచ్చును. అయినను శిష్యుని శక్తికి మించి అతని కాగితముపై చేరినది మిగులు బియ్యమే. ఆ మిగులును గుర్తుపట్టుట యెట్లు?

సిగ్గును కొలతగా పెట్టుకొమ్మని కొందరందురు: లెక్చరరుకు తెలియరాదని దాచబుద్ధి పుట్టిన సాయము అధర్మమని. ఇది కొంతవరకు నిజమే గాని పూర్తిగా నమ్మదగిన కొలత కాదు. తెలుగు మాధ్యమమున చదివి పల్లెనుండి వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకొనుటకు సాయంకాలము ప్రైవేటుకు పోయిన సంగతి, తోటివారు నవ్వుదురని దాచుకొనును. ఆ సిగ్గు అనవసరము. మరొకడు వేలు పోసి కొన్న ప్రాజెక్టును మిత్రులందరి ముందు గొప్పగా చెప్పుకొనును. వానికి సిగ్గు లేకపోవుట సాయము ధర్మమైనదనుటకు గుర్తు కాదు.

అంతకంటె గట్టి పరీక్ష ఒకటున్నది. మాస్టారి వద్దనుండి వచ్చిన మరునాడు, నోట్సు మూసివేసి, ఖాళీ కాగితముపై ఆ పనిని మొదటినుండి మరల చేయవలెను. చేయగలిగినంత శిష్యునిది. చేయలేకపోయినది మిగులు. దానికి రెండే దారులు: తనదగువరకు మరల నేర్చుకొనుట, లేదా సమర్పించు కాగితమునుండి తీసివేయుట. రెండవ దారిలో మార్కులు తగ్గును. లక్కమ్మ యింటను ఆనాడు బియ్యము తగ్గినది.

ఈ పరీక్షలో నెగ్గవలెనన్న ప్రైవేటు చెప్పించుకొను తీరే మారవలసి యుండును. ఖాళీ చేతులతో మాస్టారి వద్దకు పోయి ‘ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి’ అనువాడు నేర్చుకొనునది తక్కువ. ముందుగా తాను ప్రయత్నించి, తప్పు చేసి, ఆ తప్పు చేసిన కాగితమునే పట్టుకొని పోవలెను. తప్పు ఎచ్చట పుట్టినదో చూపించుటలో మంచి మాస్టారి పనితనమంతయు ఉన్నది. కళాశాలలో ఇచ్చిన అసైన్‌మెంటు ప్రశ్నను బల్లపైనుండి తీసి ప్రక్కన పెట్టి, అట్టిదే మరియొక లెక్కను చేసి చూపి, ‘ఇక నీది నీవు చేయుము’ అనువాడు గురువు. శిష్యుని కాగితముపై తన కలము పెట్టనివాడు గురువు. తొందరపడు శిష్యునికి ఇట్టి మాస్టారు కఠినుడుగా తోచును. చెల్లించిన రుసుము దండుగయని తల్లిదండ్రులకు సైతము అనిపించవచ్చును.

అన్ని సందర్భములలోను హద్దు ఇంత తేటగా ఉండదు. భాష సంగతి చూడుడు. అర్థశాస్త్రములో వ్యాసము వ్రాయవలసిన విద్యార్థికి విషయము తెలియును, ఇంగ్లీషు రాదు. మాస్టారు కర్తకు క్రియకు పొత్తు కుదిర్చినచో తప్పేమి? వాక్యము సరిదిద్దుట వరకు తప్పు లేదనియే చెప్పవలెను. అయితే వాక్యము దిద్దుచు దిద్దుచు మాస్టారు తెలియకయే ఆలోచనను దిద్ద మొదలుపెట్టును. ‘అందువలన’ అని శిష్యుడు వ్రాసినచోట ‘అయినప్పటికిని’ అని మార్చినచో అది వ్యాకరణము కాదు, వాదమే మారిపోయినది. తప్పు ఉన్నచోట ప్రక్కన గీత గీచి, ఎందువలన తప్పో చెప్పి, శిష్యుని చేతనే తిరిగి వ్రాయించుట ఇట్టిచోట క్షేమము. ఎంతవరకు దిద్దించుకొనవచ్చునో ముందుగానే లెక్చరరును అడిగి తెలిసికొనుట మరియు క్షేమము. అడుగుటకు పోయిన విద్యార్థిని ఏ మంచి అధ్యాపకుడును తక్కువగా చూడడు.

పరిశోధకుల స్థితి మరింత చిక్కుగా ఉండును. ఒక పరిశోధకుడు రెండు వందల కుటుంబముల వివరములను ఎండలో తిరిగి సేకరించినాడనుకొందము. గణాంక శాస్త్రము రానందున లెక్కలు మరొకరిచేత కట్టించెను. కూడికలు, తీసివేతలు యంత్రమే చేయునప్పుడు మనిషి చేసినంత మాత్రమున పాపమేమి? నిజమే, గణనలో సాయము పొంది, పొందితినని గ్రంథములో వ్రాసికొనుట న్యాయమే. అయితే ఏ ప్రశ్న అడుగవలెను, దానికి ఏ లెక్క తగును, వచ్చిన అంకె ఏమి చెప్పుచున్నది – ఇవి పరిశోధకుని కాయకమునకు ప్రాణము. మౌఖిక పరీక్షలో ‘ఈ పద్ధతినే ఎందుకు ఎన్నుకొంటివి?’ అని అడిగినప్పుడు ‘లెక్క కట్టినవారు ఎన్నుకొనిరి’ అను జవాబు నోటికి వచ్చునట్లుండినచో, ఎండలో తిరిగిన శ్రమ కూడ అతనికి దక్కనట్లే. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

మిగులు బియ్యము మాట అటుంచి, బియ్యమంతయు పరులదే అయిన సందర్భములును కలవు. హైదరాబాదు అమీర్‌పేట వంటిచోట్ల కంప్యూటరు శిక్షణాలయముల నడుమ, చివరి సంవత్సరపు ప్రాజెక్టులు సిద్ధముగా దొరుకునని బాహాటముగా బోర్డులు కట్టిన దుకాణములున్నవి. కొనువారిని నిందించుట సులభము. వ్రాసి ఇచ్చువారు ఎవరన్నది అంతగా ఆలోచింపబడదు. వారిలో చక్కగా చదివి, పట్టా పుచ్చుకొని, తగిన ఉద్యోగము దొరకనివారు కలరు. ‘నా చెమటకు కూలి పుచ్చుకొనుచున్నాను, ఇదియు కాయకమే కదా’ యని అట్టివాడు అడిగినచో ఏమి చెప్పవలెను? అతని కష్టము అబద్ధము కాదు. ఆకలియు అబద్ధము కాదు. అయినను శరణుల పేర్లను ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మడివాళ మాచయ్య, నులియ చందయ్య, అంబిగర చౌడయ్య, మాదార చెన్నయ్య – బట్టలుతుకుట, నారత్రాళ్లు పేనుట, పడవ నడుపుట, తోలుపని. లోకము తక్కువగా చూచిన వృత్తులను వారు దాచుకొనలేదు, తమ పేరునకు ముందే నిలుపుకొనిరి. పరుల పేర గ్రంథములు వ్రాసి ఇచ్చువాడు తన వృత్తిని అట్లు పేరునకు ముందు పెట్టుకొనగలడా? పెట్టుకొన్ననాడే ఆ వృత్తి నిలువదు. చేసినవాడు తన పేరు చెప్పుకొనుటకు వీలులేని పని ఎంత శ్రమతో కూడినదైనను కాయకము కానేరదు. అట్టివాడు అదే విద్యను ఎదుట కూర్చుండబెట్టుకొని చెప్పినచో, అదే కూలి నిర్మలమగును.

చట్టమేమి చెప్పుచున్నదో కూడ చూడవలెను. విశ్వవిద్యాలయ గ్రాంట్సు సంఘము 2018లో విద్యానిష్ఠను గూర్చియు గ్రంథచౌర్య నివారణను గూర్చియు నిబంధనలు చేసినది. వాని ప్రకారము సిద్ధాంత గ్రంథములో ఇతరుల రచనతో పోలిక 10 శాతము వరకు ఉన్నచో శిక్ష లేదు. 10 నుండి 40 శాతము వరకైనచో ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మరల సమర్పించవలెను. 40 నుండి 60 శాతమైనచో ఒక సంవత్సరము వరకు సమర్పించు హక్కు ఉండదు. 60 దాటినచో ఆ కోర్సులో నమోదే రద్దగును. మంచి నిబంధనలే. అయితే అవి లెక్కించునది పోలికను; శ్రమను కాదు. ఒకరి పుస్తకమునుండి దింపుకొన్నవాడు వీనికి దొరకును. డబ్బిచ్చి కొత్తగా వ్రాయించుకొన్నవాని గ్రంథములో పోలిక ఏమియు కనబడదు గనుక వాడు తలయెత్తుకొని పోవును. పెద్ద దొంగ తప్పించుకొనుటకు చిన్న దొంగ కొరకు చేసిన జల్లెడయే దారి యిచ్చుచున్నది. కొన్ని దేశములు వ్రాసి అమ్మువారినే నేరస్థులుగా చేసినవి. ఆస్ట్రేలియాలో 2020లోను, ఇంగ్లండులో 2022లోను ఇట్టి చట్టములు వచ్చినవి. ఆ దేశములకు చదువుకొనబోయిన తెలుగు పిల్లలు వేలకొలది గలరు. వారిలో పలువురి తల్లిదండ్రులు పొలము తాకట్టు పెట్టి పంపినవారు. అచ్చట అసైన్‌మెంటు వ్రాసిపెట్టుదుమని సందేశములు పంపు సంస్థలు, ఒకమారు పని చేయించుకొన్న విద్యార్థిని, విశ్వవిద్యాలయమునకు చెప్పుదుమని బెదరించి మరల మరల డబ్బు గుంజిన సందర్భములు బయటపడినవి. ఊరిలో పొలము, పరాయి దేశములో పిల్లవాని చదువు, రెండును ఒకే బెదరింపునకు లోబడి పోవును.

ఇప్పుడు మనిషి వ్రాసి ఇయ్యనక్కరలేదు. కృత్రిమ మేధ యంత్రములు నిమిషములో వ్యాసము అల్లి ఇచ్చుచున్నవి. దీనివలన ధర్మమేదో మారిపోయినదని కంగారుపడనక్కరలేదు. యంత్రమును ప్రశ్నలడిగి సందేహము తీర్చుకొన్నచో అది ప్రైవేటు మాస్టారు. దాని వాక్యములను తన పేర సమర్పించినచో అది అమీర్‌పేట దుకాణము. అయితే దుకాణమునకు డబ్బు కావలెను, బస్సెక్కి పోవలెను; ఆ కాస్త ఆలస్యములోనైనను మనస్సు మారుటకు అవకాశముండెడిది. ఇప్పుడా ఆలస్యము లేదు.

ఈ సందర్భమున ఇంకొక అన్యాయమును విస్మరింపరాదు. 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ ప్రకటించిన వ్యాసములో, ఒక్కొక్కరికి విడిగా పాఠము చెప్పించినచో సామాన్య విద్యార్థి సైతము తరగతిలో కలిసి చదువుకొన్నవారిలో 98 శాతము మందిని మించునని తేలినట్లు వ్రాసెను. తరువాతి పరిశోధనలలో అంత పెద్ద ఫలితము సాధారణముగా కనబడలేదు గాని, విడిగా చెప్పించుట వలన మేలున్నదన్న మాట నిలిచినది. అనగా ప్రైవేటు నిజముగనే బలమిచ్చు వస్తువు. అట్టిది డబ్బున్నవారికే దొరకునప్పుడు, ధనికుని పిల్లవాడు ఎంత నిజాయితీగా చదివినను, బీదవాని పిల్లవానితో జరుగు పోటీ సమానము కాదు. ఈ లోపమును విద్యార్థి నిజాయితీ ఒక్కటే పూరింపజాలదు.

పూరింపగలవారు ఇతరులున్నారు. అధ్యాపకులు ముందువారు. వృత్తి బాధ్యతకు అడ్డువచ్చు ప్రైవేటు ట్యూషనులకు దూరముగా ఉండవలెనని విశ్వవిద్యాలయ గ్రాంట్సు సంఘపు అధ్యాపక నియమావళిలోనే ఉన్నది. తరగతిలో సగము చెప్పి, మిగిలిన సగము సాయంకాలము ఇంటిలో రుసుమునకు చెప్పువాడు, తన శిష్యులకే తాను మార్కులు వేయువాడు, కాయకమును రెండుసార్లు అమ్ముకొన్నవాడగును. తరువాతివి మఠములు. కర్ణాటకమున తుమకూరు సిద్ధగంగా మఠము శ్రీ శివకుమార స్వామివారి (1907–2019) కాలమున వేలాది పిల్లలకు కులమతములు చూడక అన్నము, వసతి, చదువు ఉచితముగా ఇచ్చినది, నేటికిని ఇచ్చుచున్నది. అంత శక్తి అన్ని మఠములకు లేదు. కాని వసతిగృహము నడుపు చిన్న మఠమునకైనను ఒక పెద్ద గది, నాలుగు దీపములు ఉండకపోవు. మూడవ సంవత్సరపు విద్యార్థి మొదటి సంవత్సరపువానికి వారమునకు రెండు సాయంకాలములు లెక్కలు చెప్పినచో ఖర్చేమియు లేదు. పైగా చెప్పువాడు చిన్నవాని అసైన్‌మెంటు వ్రాసిపెట్టుటకు ఉత్సాహపడడు. రుసుము లేనిచోట ఫలితము చూపవలెనన్న తొందర యుండదు. దాసోహమనగా అన్నమొక్కటే కాదని పెద్దలు ఎల్లప్పుడు చెప్పుచున్నదే.

తల్లిదండ్రులను గూర్చి ఒకటి రెండు మాటలు. ప్రైవేటు మాస్టారిని కుదుర్చునప్పుడు ‘ఎన్ని మార్కులు తెప్పింతురు?’ అనియే చాలమంది అడుగుదురు. ఆ ప్రశ్నలోనే మాస్టారికి పరోక్షముగా ఒక అనుమతి అందిపోవుచున్నది. పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు, ఈ ప్రాజెక్టు దేనిని గూర్చి అని అడిగి, చదువురాని అమ్మమ్మకు సైతము అర్థమగునట్లు తెలుగులో పది నిమిషములు చెప్పుమనవచ్చును. సొంతముగా చేసినవాడు తడుముకొనుచునైనను చెప్పును. ఎక్కడ చిక్కువచ్చినదో, ఎన్ని రాత్రులు పట్టినదో గూడ చెప్పును. కొన్నవాడు మాట మార్చును.

2018 నాటి నిబంధనలలోనే మరొక అంశమున్నది. గ్రంథము సమర్పించు విద్యార్థి, ఇది నేను తయారుచేసినది, ఇది నా స్వంత రచన, ఇందు చౌర్యము లేదు అని వ్రాతపూర్వకముగా హామీ ఇయ్యవలెను. పర్యవేక్షకుడు కూడ ధ్రువపత్రము ఇయ్యవలెను. ఆ హామీపై సంతకము పెట్టుటకు ముందు ఎంత సరిదిద్దుకొన్నను శిక్ష లేదు. మాస్టారు అతిగా చేయి వేసిన అధ్యాయమున్నచో, ఆ సంగతి పర్యవేక్షకునితో చెప్పి, ఆ అధ్యాయమును తిరిగి వ్రాసికొనుటకు అదియే సమయము. ఆరు నెలలు ఆలస్యమైనను ఆ ఆలస్యము ఎవరికిని సమాధానము చెప్పుకొనవలసినది కాదు. న్యాయముగా పొందిన సాయము విషయములో ఈ చిక్కు కూడ లేదు. పోలిక లెక్కించునప్పుడు గ్రంథములోని కృతజ్ఞతల పుటను లెక్కలోనికి తీసికొనరు. లెక్కలు నేర్పినవారి పేరు, భాష దిద్దినవారి పేరు, వారు చేసిన సాయము ఎట్టిదో ఆ పుటలో వ్రాయవచ్చును.